ఘాట్ రోడ్డు చెవులతో పగడపు దిబ్బల దాకా

తిరుమల నుంచి దిగే బస్సు సగం దూరం వచ్చేసరికి చెవులు మూసుకుపోతాయి. ముందు సీట్లో చంటిబిడ్డ ఏడుపు అందుకుంటుంది. పక్కనున్న పెద్దావిడ "గుటక మింగు నాయనా, వదిలేస్తుంది" అంటుంది. వీపున గాలి ట్యాంకు కట్టుకుని సముద్రంలోకి దిగే స్కూబా డైవింగ్‌లో మొదటి పాఠం ఆ గుటకే.

లెక్క చూడండి. తిరుపతి ఊరు సముద్ర మట్టానికి దాదాపు 160 మీటర్ల ఎత్తులో ఉంది. తిరుమల 850 మీటర్ల పైన ఉంది. ఈ ఏడు వందల మీటర్లకు గాలి పీడనం ఇంచుమించు 8 శాతం మారుతుంది. నీళ్ళలో అంత తేడా రావడానికి 80 సెంటీమీటర్లు దిగితే చాలు, అంటే నడుము లోతు. బస్సు కొండ దిగడానికి అరగంట పైనే తీసుకుంటుంది కాబట్టి చెవి తనంతట తాను సర్దుకుంటుంది. సముద్రంలో తాడు పట్టుకుని నిదానంగా దిగినా ఆ 80 సెంటీమీటర్లు అయిదు సెకన్లలో అయిపోతాయి. అక్కడ చెవికి తీరిక ఉండదు, మనమే సర్దాలి.

సముద్రంలో ప్రతి 10 మీటర్ల లోతుకు ఒక వాతావరణ పీడనం అదనంగా చేరుతుంది. నీటి పైన ఒక లీటరున్న గాలి బుడగ 10 మీటర్ల దగ్గర అర లీటరు అవుతుంది, 20 దగ్గర మూడో వంతు, 30 దగ్గర పావు లీటరు. పెద్ద మార్పంతా మొదటి 10 మీటర్లలోనే వచ్చేస్తుందని గమనించండి. "నేను అయిదారు మీటర్లే కదా దిగేది" అని తేలిగ్గా తీసుకునే చోటే చెవికి జాస్తి పని పడుతుంది. 18 నుంచి 28కి పోయేటప్పుడు ఇంత బాధ ఉండదు.

నడిమి చెవికీ గొంతు వెనక భాగానికీ మధ్య యూస్టేషియన్ నాళం అని సన్నటి గొట్టం ఉంటుంది. అది మామూలుగా మూసుకుని ఉండి, గుటక వేసినప్పుడో ఆవలించినప్పుడో క్షణం పాటు తెరుచుకుంటుంది. ముక్కు మూసుకుని, నోరు మూసుకుని మెల్లగా ముక్కులోకి ఊదితే బలవంతంగా తెరుచుకుంటుంది. దీన్ని వల్సాల్వా అంటారు, అందరికీ మొదట నేర్పేది ఇదే. ముక్కు మూసుకుని గుటక వేయడం ఇంకో పద్ధతి. కొందరికి ఒకటి పని చేస్తుంది, కొందరికి ఇంకొకటి. ముక్కు మూసి, ఊదుతూనే గుటక వేస్తే మొండి చెవులు కూడా సాధారణంగా దారికొస్తాయి. ప్రయాణానికి రెండు వారాల ముందు నుంచి రోజూ నాలుగైదు సార్లు మెల్లగా చేసి చూసుకోండి. రెండు చెవుల్లోనూ "టిక్" మని వినిపించాలి. ఒక్కదాంట్లోనే వినిపిస్తుంటే రెండోదాన్ని ఇక్కడే ఈఎన్‌టీ డాక్టరుకు చూపించండి. ముక్కు మూసి ఊదేటప్పుడు కర్ణభేరి కదులుతోందో లేదో చూడమని అడగండి. రెండు నిమిషాల పని.

సముద్రంలో ఎక్కువమంది చేసే పొరపాటు నొప్పి వచ్చాక ఊదడం. నొప్పి వచ్చిందంటే అప్పటికే ఆలస్యం. బయటి ఒత్తిడికి ఆ గొట్టం మూతి నొక్కుకుపోయి ఉంటుంది, ఎంత ఊదినా తెరుచుకోదు. తల నీళ్ళలో మునగక ముందే ఒకసారి ఊదాలి. ఆ తర్వాత అర మీటరుకోసారి, మొదటి 10 మీటర్లు ఇదే పని. కాళ్ళు కిందికి ఉంచి దిగితే గాలి సులువుగా పైకెక్కుతుంది, తలకిందులుగా దిగితే కష్టం. సర్దుకోకపోతే చేతిని అటూ ఇటూ ఊపి, చెవి చూపించి, ఒక మీటరు పైకి రావాలి. అక్కడ మళ్ళీ ప్రయత్నించాలి. పట్టుదలకు పోయి గట్టిగా ఊదితే లోపలి చెవి పొర చిరిగే ప్రమాదముంది. అది వినికిడికే ముప్పు. కర్ణభేరికి చిల్లు పడితే చల్లటి నీళ్ళు లోపలికి పోయి, ఏది పైనో ఏది కిందో తెలియనంతగా తల తిరుగుతుంది.

జలుబు ఉంటే దిగకండి. ముక్కులో చుక్కలు వేసుకుని దిగేవాళ్ళు ఉంటారు. దిగేటప్పుడు బాగానే ఉంటుంది. అడుగున ఉండగా మందు ప్రభావం తగ్గిందంటే, పైకొచ్చేటప్పుడు లోపల చిక్కిన గాలికి బయటికి పోయే దారి ఉండదు. దిగకుండా ఆగొచ్చు గానీ, పైకి రాకుండా ఆగలేం కదా.

ఇంకో అలవాటు గురించి చెప్పాలి. చిత్తూరు పల్లెల్లో ఈత నేర్చుకున్నవాళ్ళది బావి చదువు. నడుముకు బెండు కట్టుకుని గట్టు మీద నుంచి దూకడం, ఊపిరి బిగబట్టి మునిగి అడుగున మట్టి పిడికిట్లో తెచ్చి చూపించడం. ఆ ధైర్యం డైవింగ్‌కు పనికొస్తుంది, ఊపిరి బిగబట్టడం మాత్రం ప్రాణం మీదికి తెస్తుంది. బావిలో మునిగేవాడు గట్టు మీది గాలితో దిగుతాడు. ఆ గాలి అడుగున నలిగి, పైకొచ్చేసరికి మళ్ళీ మొదటంతే అవుతుంది. స్కూబాలో ఆ లోతు పీడనంతోనే గాలి పీలుస్తాం. 10 మీటర్ల దగ్గర ఊపిరితిత్తుల నిండా పీల్చి, బిగబట్టి పైకొస్తే ఆ గాలి రెండింతలవుతుంది, ఊపిరితిత్తులు అంత సాగవు. మీటరున్నర లోతు నుంచి నిండు ఊపిరితో వచ్చినా చిరిగే అవకాశముంది. అందుకే మొదటి నియమం: ఊపిరి ఎప్పుడూ ఆపకూడదు. నోట్లోంచి రెగ్యులేటర్ (ట్యాంకు గాలిని నోటికి అందించే పరికరం) జారినా సరే, "ఆ..." అంటున్నట్టు సన్నగా బుడగలు వదులుతూనే ఉండాలి. ప్రాణాయామం చేసేవాళ్ళకు నిదానమైన శ్వాస బాగా కలిసొస్తుంది, ఒక్క కుంభకం మాత్రం ఇంటి దగ్గరే పెట్టి రావాలి.

ఇప్పుడు ఎక్కడ దిగాలి అనే మాట. తిరుపతి జిల్లాకు సముద్రం ఉంది, తూపిలిపాలెం బీచ్ ఉంది, పగడపు దిబ్బ మాత్రం లేదు. పగడం మొక్కా రాయీ కాదు, వేలకొద్దీ చిన్న చిన్న జీవుల కాలనీ. ఆ జీవుల ఒంట్లో నాచు లాంటి సూక్ష్మజీవులు కాపురముంటాయి. అవి ఎండతో వండిన తిండిలో ఎక్కువ భాగం పగడానికే పోతుంది. కాబట్టి ఎండ దిగే తేటనీరు కావాలి, ఉప్పదనం నిలకడగా ఉండాలి, అతుక్కోవడానికి గట్టి అడుగు ఉండాలి. మన తీరంలో గోదావరి, కృష్ణ, పెన్న, వాటి వెనకాలే శ్రీకాళహస్తి మీదుగా పోయే స్వర్ణముఖి, అన్నీ మంచినీళ్ళూ ఒండ్రూ తెచ్చి పోస్తాయి. మట్టి పడితే పగడానికి ఊపిరాడదు. పుదుచ్చేరిలో డైవింగ్ బాగుంటుంది, చేపలు గుంపులుగా కనిపిస్తాయి, కానీ అక్కడున్నవి రాళ్ళూ మనుషులు కట్టిన కృత్రిమ దిబ్బలూ. మన దేశంలో పగడపు దిబ్బలంటే అండమాన్ నికోబార్, లక్షద్వీప్, మన్నార్ సింధుశాఖ - పాక్ బే, కచ్ సింధుశాఖ. కొత్తవాళ్ళకు వీటిలో అండమాన్ మేలు. చెన్నై నుంచి పోర్ట్ బ్లెయిర్‌కు విమానంలో రెండు గంటల పైచిలుకు, అక్కడి నుంచి ఓడలో హావ్‌లాక్ దీవి. పాత పేర్లతోనే అందరూ పిలుస్తున్నా, టికెట్ల మీద కొత్త పేర్లు కనిపించొచ్చు. హావ్‌లాక్‌కు 2018లో స్వరాజ్ ద్వీప్ అనీ, పోర్ట్ బ్లెయిర్‌కు 2024లో శ్రీ విజయ పురం అనీ పేర్లు మార్చారు. లక్షద్వీప్ నీళ్ళు ఇంకా తేటగా ఉంటాయి గానీ, పర్మిట్ తీసుకోవాలి.

డిసెంబరు నుంచి ఏప్రిల్ దాకా అండమాన్ సముద్రం ప్రశాంతంగా ఉంటుంది. తేదీ ఖాయం చేసే ముందు గోడ మీది క్యాలెండర్‌లో తిథి కూడా చూడండి. అమావాస్య, పౌర్ణమి రోజుల్లో ఆటుపోట్లు పెద్దవి, వాటితో పాటు నీటి లోపలి ప్రవాహాలూ జోరుగా ఉంటాయి. అష్టమి, నవమి, ఆ పైన ఒకటి రెండు రోజులూ మెత్తగా ఉంటాయి. మంచి పనులకు పనికిరావని మన పెద్దలు పక్కన పెట్టిన తిథులే కొత్త డైవర్లకు మంచివి.

ఈత రాకపోయినా దిగొచ్చా అన్న ప్రశ్నకు జవాబు, దిగొచ్చు. ట్రై డైవ్‌లో, అంటే కోర్సు చేయకుండా ఒక్కసారి దిగి చూసే డైవ్‌లో, ఇన్‌స్ట్రక్టర్ వెనక నుంచి ట్యాంక్ పట్టుకునే ఉంటారు, లోతు 12 మీటర్లు దాటకూడదు, పదేళ్ళు నిండితే చాలు. కానీ అంత దూరం పోయి ఒకరి చేతిలో సంచిలా ముప్పావుగంట తిరిగి రావడం కంటే, మూడు నాలుగు రోజులు కేటాయించి ఓపెన్ వాటర్ కోర్సు చేయడమే నయం. దానికి ఆగకుండా 200 మీటర్ల ఈత కావాలి, లేదా మాస్కు, ఫిన్స్ (కాళ్ళకు తొడిగే రెక్కలు), స్నార్కెల్ (నీటి పైన గాలి పీల్చే గొట్టం)తో 300 మీటర్లు. వేగంతో పని లేదు. పది నిమిషాలు దేన్నీ పట్టుకోకుండా తేలాలి. పాఠాలు ఇంటి దగ్గరే ఆన్‌లైన్‌లో చదువుకోవచ్చు. కొలను అభ్యాసం చెన్నైలోనో బెంగళూరులోనో ముగించి, సముద్రంలో చేయాల్సిన నాలుగు డైవ్‌లు అండమాన్‌లో చేసే వీలూ ఉంది. కోర్సు ముగించాక ఇచ్చే కార్డుతో 18 మీటర్ల దాకా పోవచ్చు. దాని పైది అడ్వాన్స్‌డ్, 30 మీటర్లు.

వైద్య ఫారంలో ఉబ్బసం, మూర్ఛ, గుండె జబ్బు, చెవి ఆపరేషన్, గర్భం లాంటి ప్రశ్నలుంటాయి. ఒక్కదానికి "అవును" అని రాసినా డాక్టరు సంతకం అడుగుతారని తెలిసి, అన్నిటికీ "కాదు" అని గీసేవాళ్ళు ఉన్నారు. ఆ కాగితం షాపు వాళ్ళను కాపాడటానికి అనుకుంటారు. ఉబ్బసంతో ఊపిరి నాళాలు బిగుసుకుంటే ఏమవుతుందో పైన ఊపిరి గురించి చెప్పిన పేరాను ఇంకోసారి చదివితే తెలుస్తుంది.

సామాను దగ్గరికి వద్దాం. మొదట ఒక మాట: ట్యాంకులో ఉండేది ఆక్సిజన్ కాదు, మనం పీల్చే మామూలు గాలి. వడకట్టి, తేమ తీసి, 200 బార్ పీడనంతో నింపుతారు (బార్ అంటే ఇంచుమించు ఒక వాతావరణ పీడనం). శుద్ధమైన ఆక్సిజన్ 6 మీటర్ల లోతు దాటితే విషమే. ఎక్కువ చోట్ల కనిపించేది 11 లీటర్ల అల్యూమినియం ట్యాంక్.

బిగించే క్రమం ఇది. ట్యాంక్ నోటి దగ్గర నల్లటి రబ్బరు ఉంగరం ఉంటుంది, ఓ-రింగ్. ప్రెషర్ కుక్కర్‌కు గాస్కెట్ ఎంతో దీనికి ఇది అంత. పగులు, చీలిక, ఇసుక రేణువు ఉన్నాయేమో వేలితో తడిమి చూడాలి. బీసీడీ అనే గాలి జాకెట్ పట్టీని తడిపి ట్యాంకుకు బిగించాలి. పొడిగా ఉన్నప్పుడు బిగిస్తే నీళ్ళలో సాగి ట్యాంక్ జారుతుంది. బిగించాక జాకెట్ పట్టుకుని ఎత్తి కుదపండి, ట్యాంక్ కదలకూడదు. వాల్వ్‌ను క్షణం తెరిచి మూస్తే నోట్లో చేరిన నీటి చుక్క ఎగిరిపోతుంది. అప్పుడే వాసన కూడా చూడండి. నూనె కంపు గానీ పొగ వాసన గానీ వస్తే ఆ ట్యాంక్ వద్దని చెప్పేయండి. తర్వాత రెగ్యులేటర్‌లో ట్యాంకుకు తగిలే భాగాన్ని, అంటే ఫస్ట్ స్టేజ్‌ను, ఓ-రింగ్ మీద కూర్చోబెట్టి వేళ్ళతో బిగించాలి, బలం పెట్టక్కర్లేదు. లోపలి పీడనమే దాన్ని అదిమి పట్టుకుంటుంది. ట్యాంకులోని పీడనం చూపించే గేజ్ అద్దాన్ని ముఖానికి దూరంగా తిప్పి పెట్టి, వాల్వ్ నిదానంగా పూర్తిగా తెరవాలి. బుస్సుమని శబ్దం వస్తే మూసేసి, ఓ-రింగ్ మార్చాలి.

అందరూ తొందర్లో వదిలేసే పరీక్ష ఇంకొకటుంది. గేజ్ ముల్లు వైపు చూస్తూ రెగ్యులేటర్‌లోంచి నాలుగు సార్లు గట్టిగా పీల్చండి. ముల్లు కదలకుండా నిలబడాలి. ప్రతి పీల్పుకూ ముల్లు కిందికి పడి మళ్ళీ లేస్తుంటే, వాల్వ్ కొంచెమే తెరుచుకుని ఉందని అర్థం. పడవ మీద గాలి సరిపోయినట్టే ఉంటుంది. 15 మీటర్ల కింద మాత్రం ఒక్కో శ్వాసకు రెండున్నర రెట్లు గాలి కావాలి కాబట్టి, ట్యాంక్ నిండుగా ఉండగానే ఊపిరి అందదు. ముల్లును చూడకుండా పీలిస్తే ఈ తప్పు బయటపడదు.

జాకెట్‌లో గాలి నింపే బటన్ ఉప్పు పేరుకుని ఇరుక్కుపోవడం కూడా జరుగుతుంటుంది. నొక్కకుండానే జాకెట్ ఉబ్బి పైకి లాగేస్తుంది. అప్పుడు చేయాల్సింది బటన్‌కు గాలి తెచ్చే సన్న గొట్టం మొన దగ్గరి ఉంగరాన్ని వెనక్కి లాగి గొట్టాన్ని ఊడదీయడం, ఇంకో చేత్తో గాలి వదలడం. చేతి తొడుగులేమీ లేకుండా పొడి నేల మీద రెండు మూడు సార్లు ఊడదీసి చూసుకుంటే వేళ్ళకు గుర్తుంటుంది.

మాస్కు గురించి. ఈత గాగుల్స్ పనికిరావు, ముక్కు లోపల ఉండాలి. లోతుకు పోయే కొద్దీ మాస్కు ముఖాన్ని పీల్చుకుంటుంది, అప్పుడు ముక్కుతో కొంచెం గాలి వదలాలి. ఆ పని చేయకపోతే కళ్ళు ఎర్రగా రక్తం చిమ్మినట్టు అవుతాయి. సరిపోయే మాస్కు ఏదో తెలుసుకోవడం సులువు. పట్టీ తగిలించకుండా ముఖానికి ఆనించి, ముక్కుతో పీల్చి చేయి తీసేయండి, పడిపోకూడదు. మీసం ఉన్నవాళ్ళకు ముక్కు కింద నీళ్ళు కారడం మామూలే. మీసం మొత్తం తీయక్కర్లేదు, ముక్కు కింద అర సెంటీమీటరు గీయిస్తే మాస్కు అంచు చర్మం మీద కూర్చుంటుంది. వాసెలిన్ రాస్తే కొన్నాళ్ళకు మాస్కు చెడుతుంది, దానికి సిలికాన్ గ్రీజు వేరే ఉంటుంది. కళ్ళజోడు వాళ్ళకు పవర్ అద్దాల మాస్కులు దొరుకుతాయి, ముందే చెప్పి పెట్టుకోవాలి. కొత్త మాస్కు అద్దం మీది పొరను టూత్‌పేస్టుతో రుద్ది కడగాలి, లేకుంటే ఎంత ఉమ్మి రాసినా ఆవిరి పడుతుంది. అవును, ఉమ్మే. ఇంతవరకూ దానికి మించిన మందు లేదు. ఎంగిలి పట్టింపు ఉన్నవాళ్ళు పిల్లల షాంపూ ఒక చుక్క వాడుకోవచ్చు.

మాస్కులో నీళ్ళు వస్తే కొత్తవాళ్ళు కంగారుపడి పైకి పరిగెత్తుతారు. పై అంచును నుదుటికి నొక్కి పట్టి, తల రవంత పైకెత్తి, ముక్కుతో నిదానంగా గాలి వదిలితే నీళ్ళు కింది అంచులోంచి పోతాయి. దీన్ని గొంతు లోతు నీళ్ళలో పదిసార్లు చేయనిదే లోతుకు దిగకండి. ట్రై డైవ్‌లో భయం వల్ల మధ్యలోనే వచ్చేసే చాలామందిని పైకి తెచ్చేది ముక్కులోకి పోయిన రెండు చెంచాల నీళ్ళే.

ఇక దిబ్బ మీద తేలడం. డైవర్ మంచివాడో కాడో ఇక్కడ తెలిసిపోతుంది. మన వైపు మాటల్లో చెప్పాలంటే, నీళ్ళలో గమ్మున ఉండగలగాలి. చేతులు ఆడించేవాడు, సైకిల్ తొక్కినట్టు కాళ్ళు కొట్టేవాడు గాలి తగలేస్తాడు, ఫిన్‌తో పగడాన్నీ విరుస్తాడు. కొమ్మల్లా పెరిగే పగడం ఏడాదికి 10 సెంటీమీటర్లు పెరిగితే గొప్ప. గుండ్రటి బండల్లాంటివి ఏడాదికి ఒక సెంటీమీటరు కూడా కష్టమే. బోర్లించిన గంగాళమంత పగడాన్ని చూశారంటే అది మన తాతల నాటిది. ఒక్క తన్నుతో పోతుంది.

తప్పు సాధారణంగా బరువు దగ్గర మొదలవుతుంది. మునగట్లేదని ఇంకో రెండు కిలోల సీసం కట్టించుకుంటారు. ఆ బరువుకు సరిపడా జాకెట్‌లో గాలి నింపాలి. ఆ గాలి లోతు మారిన ప్రతిసారీ ఉబ్బుతూ కుంచించుకుంటూ ఉంటుంది, మనిషి లిఫ్టులా పైకీ కిందికీ పోతుంటాడు. సరైన బరువు ఇలా చూసుకోవాలి: జాకెట్‌లో గాలి మొత్తం వదిలేసి, నిటారుగా నిలబడి, మామూలు శ్వాస పీల్చి క్షణం ఆగితే నీటి మట్టం కళ్ళ దగ్గర ఉండాలి, గాలి వదిలితే తల మునగాలి. (ఊపిరి ఆపొచ్చని చెప్పేది ఈ ఒక్క చోటే, అదీ నీటి పైనే.) నిండు ట్యాంకుతో ఇలా చూస్తే దానికి రెండు కిలోలు కలపాలి, ఎందుకంటే డైవ్ పూర్తయ్యేసరికి ట్యాంకులోని గాలి అంత బరువు తగ్గి, అల్యూమినియం ట్యాంక్ తేలడం మొదలుపెడుతుంది. కొలనులో సరిపోయిన బరువు సముద్రంలో సరిపోదు, ఉప్పునీళ్ళకు మరో రెండు కిలోలు పడుతుంది.

బరువు కుదిరాక మిగతాది ఊపిరితోనే. లోతుగా పీలిస్తే రెండు మూడు లీటర్ల గాలి, అంటే రెండు మూడు కిలోల తేలింపు. అయితే పీల్చగానే లేవం, రెండు సెకన్ల తర్వాత లేస్తాం. ఆ ఆలస్యం తెలియక కొత్తవాళ్ళు జాకెట్ బటన్ నొక్కేస్తారు, రెండూ కలిసి పైకి తీసుకుపోతాయి. మోకాళ్ళు కొంచెం మడిచి, ఫిన్లు వెనక్కి పైకి ఉంచి, చేతులు కట్టుకుని, దిబ్బకు మీటరు ఎడంగా అడ్డంగా పడుకున్నట్టు ఉండండి. గేజ్ గొట్టం వేలాడుతుంటే జాకెట్‌కు తగిలించుకోండి, అది కూడా పగడాన్ని గీరుతుంది.

గాలి లెక్క ఇంటి దగ్గరే వేసుకోవచ్చు. 11 లీటర్ల ట్యాంక్, 200 బార్, అంటే 2,200 లీటర్లు. 50 బార్ మిగిలి ఉండగా పైకి రావాలి, అది తీసేస్తే 1,650. నిమిషానికి 20 లీటర్లు పీల్చే మనిషి 10 మీటర్ల దగ్గర 40 లీటర్లు వాడతాడు, కాబట్టి 41 నిమిషాలు. 18 మీటర్ల దగ్గర 56 లీటర్లు, అప్పుడు 29 నిమిషాలు. భయంతో ఒగురుస్తుంటే ఇందులో సగం కూడా రాదు. 100 బార్‌కు వచ్చినప్పుడు తోటివాళ్ళకు చెప్పాలి.

చెప్పడమంటే చేతి సైగలే. ఒక్క విషయం ఊళ్ళో అలవాటుకు అడ్డం వస్తుంది: బొటనవేలు పైకెత్తితే "సూపర్" అని కాదు, "పైకి పోదాం" అని. తాబేలును చూసిన సంబరంలో బొటనవేలు చూపిస్తే ఇన్‌స్ట్రక్టర్ డైవ్ ముగించేస్తారు. బాగుందని చెప్పాలంటే చూపుడు వేలూ బొటనవేలూ సున్నా చుట్టాలి. గుండె మీద పిడికిలి పెడితే గాలి తక్కువైందని, చేత్తో గొంతు కోసినట్టు చూపిస్తే గాలి అయిపోయిందని.

చూడాల్సినవి చాలా ఉన్నాయి గానీ ఒక చోట ఆగి చూసినవాళ్ళకే కనిపిస్తాయి. నీళ్ళలో వస్తువులు మూడో వంతు పెద్దగా, దగ్గరగా కనిపిస్తాయి, చేయి చాస్తే అందవు. ఎరుపు రంగు అయిదారు మీటర్లకే మాయమై బూడిద రంగులోకి మారుతుంది. టార్చి వేస్తే మళ్ళీ కుంకుమలా మెరుస్తుంది. చెవి పెట్టి వింటే శనగలు కొరికినట్టు కరకరమని వినిపించేది చిలుకచేప పగడాన్ని గీకి తినడం. తిన్నదాంట్లో సున్నపురాయిని పొడి చేసి వెనక నుంచి ఇసుకగా వదులుతుంది. తెల్లటి బీచ్ మీద మనం పరిచే దుప్పటి కింద ఆ ఇసుక కూడా ఉంటుంది. చిన్న నీలిరంగు చేప ఒకటి పెద్ద చేపల నోట్లోకి, మొప్పల్లోకి దూరి పురుగులు ఏరి తింటుంది. పెద్ద చేపలు మంగలి దగ్గర కూర్చున్నట్టు కదలకుండా వరుసలో ఆగుతాయి. ఆ చోటు దొరికితే పది నిమిషాలు అక్కడే ఉండిపోండి.

ఒక చేపతో మాత్రం జాగ్రత్త, టైటాన్ ట్రిగ్గర్‌ఫిష్. గుడ్లు పెట్టిన కాలంలో గూడు మీద నుంచి గరాటు ఆకారంలో పైదాకా తనదే అనుకుంటుంది. వెంటపడితే పైకి పోతే ఇంకా దాని హద్దులోనే ఉంటారు. ఫిన్లు దాని వైపు పెట్టి అడ్డంగా ఈదుకుంటూ పోవాలి. మిగతావి మనం తాకితేనే కుడతాయి. రాయి అనుకుని స్టోన్‌ఫిష్ మీద చేయి పెడితే భరించలేని నొప్పి. చర్మం తట్టుకునేంత వేడి నీళ్ళలో ముంచి ఉంచుతూ ఆసుపత్రికి తీసుకుపోవాలి.

పూజగదికి బాగుంటుందని చచ్చిన పగడం ముక్క బ్యాగులో వేసుకోవద్దు. వన్యప్రాణి సంరక్షణ చట్టంలో గట్టి పగడాలన్నీ మొదటి షెడ్యూలులో ఉన్నాయి, అంటే పులికి ఉన్న రక్షణే. విమానాశ్రయంలో తీయించేస్తారు, కేసు కూడా పెట్టొచ్చు. కొన్ని చోట్ల దిబ్బ పాలిపోయి తెల్లగా ఎముకల్లా కనిపిస్తుంది. నీటి వేడి మామూలు వేసవి గరిష్ఠం కంటే ఒక డిగ్రీ పెరిగి కొన్ని వారాలు నిలిస్తే, ఒంట్లోని నాచును పగడం బయటికి తోసేస్తుంది. అండమాన్‌లో 2010లోనూ 2016లోనూ ఇలా జరిగింది. వెంటనే చావదు, వేడి తగ్గితే నాచు తిరిగొస్తుంది. అందుకే తెల్లబడ్డదాన్ని చచ్చిందనుకుని ఆనుకోకూడదు. సన్‌స్క్రీన్ బదులు పొడుగు చేతుల ఈత చొక్కా వేసుకుంటే మనకూ దానికీ మంచిది.

పైకి వచ్చేటప్పుడు నిమిషానికి 9 మీటర్లకు మించకూడదు. మన బుడగల్లో చిన్నవాటి కంటే నిదానంగా. 5 మీటర్ల దగ్గర మూడు నిమిషాలు ఆగాలి. ఒత్తిడి కింద పీల్చిన నైట్రోజన్ ఒంట్లో కరిగి ఉంటుంది. సోడా సీసా మూత ఒక్కసారిగా తీస్తే ఏమవుతుందో తొందరపడితే మన రక్తంలోనూ అదే అవుతుంది. పైకి వచ్చాక కూడా ఆ నైట్రోజన్ గంటల తరబడి బయటికి పోతూనే ఉంటుంది, తిరుపతి వాళ్ళకు చిక్కు ఇక్కడే వస్తుంది.

డైవ్ తర్వాత విమానం ఎక్కకూడదని చాలామందికి తెలుసు. డైవర్స్ అలర్ట్ నెట్‌వర్క్ సూచన ప్రకారం ఒక్క డైవ్ అయితే కనీసం 12 గంటలు, రోజుకు రెండు మూడు గానీ వరసగా కొన్ని రోజులు గానీ దిగితే కనీసం 18 గంటలు ఆగాలి. తెలియనిదేమిటంటే ఈ లెక్క విమానానికే కాదు, 2,000 అడుగులు, అంటే 610 మీటర్లు దాటిన ఏ ఎత్తుకైనా వర్తిస్తుంది. తిరుమల 2,800 అడుగులు. మొగిలి ఘాట్ ఎక్కాక వచ్చే పలమనేరు, అటు మదనపల్లె దాదాపు 700 మీటర్లు, బెంగళూరు 900 పైన. తిరుపతి ఊళ్ళో ఇంటికి చేరడం వేరు, అదే సాయంత్రం పలమనేరు ఇంటికి చేరడం వేరు.

పుదుచ్చేరికి శని, ఆదివారాలకు పోయి వచ్చేవాళ్ళకు ఇది బాగా తగులుతుంది. ఆదివారం రెండు డైవ్‌లు చేసి మధ్యాహ్నం పన్నెండుకు నీళ్ళలోంచి బయటికి వచ్చారనుకుందాం. కారులో నాలుగైదు గంటల్లో తిరుపతి. దర్శనం టికెట్ ఉంది కదా అని రాత్రికే పైకి పోతే తప్పు, సోమవారం పొద్దున ఆరు దాటాలి. అలిపిరి మెట్లదారి అయితే ఇంకా ఆలస్యం చేయండి. 3,550 మెట్ల శ్రమ కూడా బుడగలకు సాయం చేసేదే, ఒక పూర్తి రోజు వదిలేయడం నా సలహా. డైవ్ అయిన రోజు రాత్రి కీలు నొప్పి, తిమ్మిరి, దద్దుర్లు, అకారణమైన నీరసం వస్తే తేలిగ్గా తీసుకోకండి. మెట్లెక్కినందుకే మోకాలు నొప్పి అనుకుని బామ్ రాసుకుని పడుకుంటే, విలువైన గంటలు పోతాయి. ఏ ఆసుపత్రికి పోయినా "డైవింగ్ చేసి వచ్చాను, ఇన్ని గంటలైంది" అని మొదటి మాటగా చెప్పాలి, ముందు ఆక్సిజన్ పెట్టించుకోవాలి. ఆ మాట చెప్పకపోతే డాక్టరుకు తట్టే అవకాశం తక్కువ, మన ఊళ్ళో ఈ జబ్బు ఎవరికి వస్తుంది గనక.

అండమాన్ నుంచి వచ్చేవాళ్ళకు సులువు, ఆఖరి రోజు డైవ్ పెట్టుకోకుండా పోర్ట్ బ్లెయిర్‌లో సెల్యులర్ జైలు చూడటానికి కేటాయిస్తే విమానం లెక్కా కొండ లెక్కా రెండూ తీరిపోతాయి.

కొండకు ముందే పోయి, మొక్కు తీర్చుకుని, ఆ తర్వాత సముద్రానికి పోతే ఈ గంటల గొడవే లేదు. గుండుతో పోయేవాళ్ళు మాత్రం పడవ మీద టోపీ తీయకండి, ఎండలో రెండు గంటలకే మాడు కమిలిపోతుంది. మాస్కు సిలికాన్ పట్టీ కొత్త గుండుకు అంటుకుని చర్మం లాగుతుంది, గుడ్డ తొడుగున్న పట్టీ అడగండి, లేదా పల్చటి ఈత టోపీ పెట్టుకుని దాని మీద మాస్కు తగిలించండి.